చూపే అంకె, నడిచే అంకె

ఆఫీసు, మూడో అంతస్తు
నీ కిటికీ పక్క సీటు

వదినా,

ఎలా ఉన్నావు? తల దిమ్ము తగ్గిందా? స్క్రీన్ చూడొద్దు, ఫోన్ మాట్లాడొద్దు, ఎవరితోనూ గట్టిగా వాదించొద్దు అన్నాడట డాక్టరు. మూడోది నీకు మరీ కష్టం. రోజూ కాసేపు కాయితం మీద చదవచ్చు, రాయచ్చు అన్నాడని అన్నయ్య చెబితే ఈ పెన్ను పట్టుకున్నాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, సర్దుకో.

నీ పేనెల్ పని నాకిచ్చారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ నా మానాన నేనున్నదాన్ని, ఇప్పుడు నీ కుర్చీలో కూర్చుని, ఆస్పత్రుల్లో నరంలోకి మందు ఎక్కించే పంపు మీది స్క్రీన్‌కీ బటన్లకీ కాపలా కాస్తున్నాను. ఆ సాయంత్రం మెట్ల మీద నీకు మాటిచ్చాను కదా, నిలబెట్టుకున్నాను చూడు.

ఇక్కడి సంగతులు చెప్తాను. నువ్వు లేని ఈ కొద్ది వారాల్లో పేనెల్‌ని మొత్తం తిరగరాశారు. రాసింది మన డిజైన్ మేధావి గళ్ళచొక్కా. ఇప్పటికీ వారమంతా గళ్ళచొక్కాలే. పేనెల్ చూడ్డానికి బాగానే ఉంది, బటన్లు పెద్దవి, అంకెలు గది అవతలి నుంచి కూడా కనిపిస్తాయి. కానీ పేనెల్ సరిగ్గా పనిచేస్తోందో లేదో కంప్యూటరే నొక్కి చూసేలా నువ్వు రాసిన పాత టెస్టులు దాని మీద నడిపితే సగానికి సగం కూలిపోయాయి. ఎందుకో చూద్దామని కూర్చుంటే నాకు కళ్ళు తిరిగాయి. వదినా, నీ టెస్టులన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నాయి! మొదటిది పంపు ఆన్ చేస్తుంది. రెండోది ఆ ఆన్ చేసిన పంపు మీదే గంటకి ఎంత మందు ఎక్కాలో ఆ అంకె పెడుతుంది. మూడోది వచ్చి ఆ అంకె మీదే ‘ఖాయం’ నొక్కుతుంది. మధ్యలో ఒకటి జారితే వెనకున్నవన్నీ బోర్లా పడతాయి. ఏది నిజంగా తప్పో, ఏది పక్కదాని పాపానికి పోయిందో తెలియదు. పైగా అవన్నీ నడిచేలోపు నేను భోజనం చేసి, చేతులు కడుక్కుని, గళ్ళచొక్కాతో ఒక గొడవ కూడా పెట్టుకుని రావచ్చు.

టెస్టులు చిన్నవి కావాలి, ఒక్కోటీ తన కాళ్ళ మీద తను నిలబడాలి, చదివినవాడికి అది ఎందుకుందో తెలియాలి. ఇదీ మన మేనేజరు పెద్దాయన మాట. వచ్చే నెల మొదట్లో కొత్త పేనెల్ వార్డుల్లోకి వెళ్తుంది. ఆయనకేం, చెప్పి వెళ్ళిపోయాడు. బిల్లింగ్‌లో అంకె తేడా వస్తే ఎవరో ఫోన్ చేసి తిట్టేవారు. ఇక్కడ తేడా వస్తే మంచం మీదున్న మనిషి ఒంట్లోకి మందు తేడాగా వెళ్తుంది. భయంగా ఉంది, నీ దగ్గర దాచను. నువ్వు పక్కనున్నావు అనుకుంటేనే చెయ్యి ఆడుతోంది.

జవాబు రాయి. నీ డ్రాయర్లో బిస్కెట్లు నేనే తిన్నాను.

నీ పిడుగు

*

ఊరి చివర ఇల్లు
వెనక గది, తెరలు వేసి

పిడుగుకి,

నీ ఉత్తరం ఆగి ఆగి చదివాను. పేజీ సగానికి వచ్చేసరికి అక్షరాలు ఈదడం మొదలుపెడతాయి. మీ అన్నయ్య నన్నీ చప్పుడు లేని ఇంటికి తెచ్చి, ముందు గదిలో తన బైండింగ్ బల్ల వేసుకున్నాడు. రోజంతా అట్టలు కోస్తాడు, జిగురు పూస్తాడు, పుస్తకాలు బరువు కింద పెడతాడు. ఫోన్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాడు, ఇల్లు అంటుకుంటే తప్ప తీయడట. నీ ఉత్తరాలు విప్పకుండా నా చేతికిస్తాడు. నావి అంటించి పోస్టులో వేసి వస్తాడు. అంతవరకు బుద్ధిమంతుడే.

నాలుగేళ్ళుగా ‘మీరు’, ‘అండీ’ తప్ప నీ నోట మరో మాట వినలేదు. నేను పడి తల పగలగొట్టుకోగానే ‘నువ్వు’ అయిపోయాను. కానీలే, కుర్చీతో పాటే మర్యాదలూ మారతాయి కాబోలు. నా పని నీకెవరిచ్చారని నేను అడగను. బిల్లింగ్‌లో నీకు విసుగెత్తిందని ఎవరో అంటుండగా ఎప్పుడో విన్నాను. అవకాశం వచ్చింది, అందుకున్నావు. అందులో తప్పేముంది.

మెట్ల సంగతి ఎత్తకు. మెట్లంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

టెస్టుల విషయం. ప్రతిదీ కొత్త పేనెల్‌తో మొదలుపెట్టు, ముందుదాని ఎంగిలి తర్వాతదానికి అంటకూడదు. పేనెల్ పొట్ట కోసి లోపలేముందో వెతకొద్దు. నర్సు ఏది నొక్కుతుందో అది నొక్కు, నర్సు కంటికి ఏది కనిపిస్తుందో అది చూడు. ఒక టెస్టుకి ఒకటే సంగతి. ఇవన్నీ నాకు తెలియక అలా రాయలేదు. ఆరేళ్ళు ఆ పేనెల్‌ని ఒక్కదాన్నే సాకాను. నా వెనక ఇంకెవరో కూర్చుని చదువుతారని ఎప్పుడూ అనుకోలేదు.

బిస్కెట్లు తిన్నందుకు ఏమీ అనుకోను. అవి మెత్తబడిపోయి ఉంటాయి.

మీ వదిన

*

ఆఫీసు, మూడో అంతస్తు

వదినా,

‘అవకాశం వచ్చింది, అందుకున్నావు’ అని ఎంత తేలిగ్గా రాసేశావు! మెట్ల మీద మనం మాట్లాడుకున్నదంతా ఏమైపోయింది? నొప్పి మీద ఉన్నావు, ఏదో రాశావులే అని సర్దిచెప్పుకున్నాను. సర్దుకోలేదనుకో, సర్దుకున్నట్టు నటిస్తున్నాను.

పని గురించే మాట్లాడతాను, అది నీకు కోపం తెప్పించదు. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పంపు మొదలుపెట్టడం మీద నువ్వు రాసిన టెస్టు గోడ మీద అతికిస్తే నేల దాకా వస్తుంది. దాన్ని ఇలా చేశాను:

ఖాయం చేయని అంకెతో పంపు మొదలవదు.
కొత్త పేనెల్. ఇరవై పెట్టు. ‘నడుపు’ నొక్కు. పంపు ఆగే ఉండాలి.

అంతే! పైది దాని పేరు, కిందది దాని ఒళ్ళు. కూలితే ఎందుకు కూలిందో పేరే చెబుతుంది. ఇలాంటివి రాస్తుంటే గది ఊడ్చి కిటికీలు తెరిచినంత హాయిగా ఉంది. గళ్ళచొక్కా కూడా నా వెనక నిలబడి చదివి, ఒక్క వంకా పెట్టకుండా వెళ్ళాడు. అది వాడి మెచ్చుకోలు.

ఒక్కదాని దగ్గర మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే దానికి తోక టెస్టు అని పేరు పెట్టాం. నీ వరుసలో అన్నిటికన్నా చివరిది. నువ్వు పెట్టిన పేరేమిటో తెలుసా? ‘ఇది కూడా’. ఏది కూడా, వదినా? పైకి నొక్కు, కిందికి నొక్కు, తాళం వెయ్యి, తాళం తియ్యి అని అరవై లైన్లు తిప్పి తిప్పి, ఆఖరున ఇదీ కథ: పంపు ఇరవైలో నడుస్తోంది, ‘ఆపు’ నొక్కారు, అంకెని పదికి దించారు, మళ్ళీ ‘నడుపు’ నొక్కారు. ఇప్పుడు స్క్రీన్ మీద ఇరవై కనిపించాలి అంటోంది నీ టెస్టు. కొత్త పేనెల్ పది చూపిస్తోంది.

“నర్సు పదికి దించితే పదే కనిపించాలి కదా, ఇరవై ఎలా కనిపిస్తుంది? టెస్టే తప్పు,” అంటున్నాడు గళ్ళచొక్కా. వింటే నిజమే అనిపిస్తోంది. కానీ నువ్వు ఊరికే ఏదీ రాసే మనిషివి కావు. పెద్దాయన తేల్చి చెప్పాడు, “రాసినావిడ వద్దంటే తీసేద్దాం, కావాలంటే పేనెల్ మారుద్దాం. ఆవిడ మాటే ఆఖరి మాట.”

అందుకని అడుగుతున్నాను. ఆ ఇరవై ఎందుకు? ఉంచనా, తీసెయ్యనా?

నీ పిడుగు

*

ఊరి చివర ఇల్లు
వెనక గది

పిడుగుకి,

తీసెయ్. అది పాత పంపు రోజుల నాటిది. అప్పట్లో స్క్రీన్ అంకె మారడానికి ఆలస్యమయ్యేది, దానికోసం రాసుకున్నాను. ఇప్పుడు దాని అవసరం లేదు. ఆరేళ్ళ సామానులో ఇలాంటి చెత్త కొంత ఉంటుంది, ప్రతిదానికీ నన్ను అడగక్కర్లేదు. నా మాటే ఆఖరి మాట అన్న పెద్దాయనకి నమస్కారాలు చెప్పు. నేనింకా ఉన్నానని ఆయనకైనా గుర్తుంది.

ఈ రోజు తలనొప్పి ఎక్కువగా ఉంది. ఇంతే.

మీ వదిన

*

ఆఫీసు, మూడో అంతస్తు

వదిన గారికి,

మీరు చెప్పినట్టే తోక టెస్టు తీసేశాను. మీ ఉత్తరం పెద్దాయనకి చూపించాను, ఆయన చదివి సంతకం పెట్టాడు. ఇప్పుడు స్క్రీన్ నిండా పచ్చటి టిక్కులే. నిమిషం తిరక్కుండా అన్నీ నడిచిపోతున్నాయి. అందరూ వచ్చి భుజం తట్టి వెళ్తున్నారు. సోమవారం కాక పై సోమవారం పేనెల్ వార్డులకి వెళ్తుంది.

మళ్ళీ ‘మీరు’ అంటున్నానని గమనించే ఉంటారు. మీకు ఏది ఇష్టమో అదే.

ఒక చిన్న సందేహం. తీసేముందు ఆ టెస్టు ఎప్పుడు రాశారో చూశాను. పాత పంపు రోజులదని మీరన్నారు. కంప్యూటర్ మాత్రం మీరు మెట్ల మీంచి పడడానికి కొద్ది రోజుల ముందే రాసినట్టు చూపిస్తోంది. అది ఏ వారమో నాకు బాగా గుర్తు. డెమో మధ్యలో పంపు అలారం మోగితే పెద్దాయన ఉలిక్కిపడి టీ అంతా ఒళ్ళో పోసుకున్నాడు, మనిద్దరం స్టోర్ గదిలో దూరి నోట్లో చున్నీలు కుక్కుకుని నవ్వాం. ఆ వారమే కదా? గుర్తుందా మీకు?

తారీకు తేడా సంగతి ఏమిటో ఒక్క ముక్క రాయండి. ఊరికే, నా మనశ్శాంతి కోసం.

పిడుగు

*

ఊరి చివర ఇల్లు
వరండా, పొద్దు వాలాక

పిడుగుకి,

గుర్తులేకేం! పెద్దాయన మొహం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నువ్వే ముందు నవ్వావు, నీ వల్లే నాకూ ఆగలేదు.

తారీకు గురించి బెంగపడకు. పాత ఫైలుని ఇంకో చోటికి మార్చి ఉంటాను. అలా మారిస్తే కొత్త తారీకు పడుతుంది, నీకు తెలియంది కాదు.

‘గారు’ అక్కర్లేదు. పోయిన ఉత్తరాల్లో కాస్త పుల్లవిరుపుగా రాశాను, అవునా? చీకటి గదిలో కూర్చుంటే మాటలు కూడా అలాగే వస్తున్నాయి. ఇవాళ వరండాలో కూర్చోనిచ్చాడు మీ అన్నయ్య. గాలి బాగుంది.

మీ వదిన

*

ఆఫీసు, మూడో అంతస్తు

వదిన గారికి,

ఆ వారం పెద్దాయన ఊళ్ళోనే లేడు. ఎవరి ఒళ్ళోనూ టీ పడలేదు. స్టోర్ గది తాళంచెవి నా దగ్గరా లేదు, మీ దగ్గరా లేదు. ఆ వారం డెమో అనేదే జరగలేదు.

మీ మీద ఒక చిన్న టెస్టు రాశాను. అడగాల్సింది ఒకటే ప్రశ్న, రావాల్సింది ఒకటే జవాబు. ‘ఏం వాగుతున్నావే, అలాంటిదేం జరగలేదు’ అని రావాలి. ‘గుర్తులేకేం’ అని వచ్చింది.

మీ ఉత్తరం పట్టుకుని అదే మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. నన్ను ముంచాలనే కావాలని తీసెయ్యమన్నారా అని కూడా అనుకున్నాను. మీ కుర్చీలో కూర్చున్నందుకు శిక్ష అనుకున్నాను. ఆ ఆలోచనకి నాకే సిగ్గేసింది, కానీ వచ్చిన మాట వాస్తవం. తర్వాత మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి మళ్ళీ చదివాను. మెట్ల మాట ఎత్తినప్పుడల్లా తప్పించుకున్నారు. ‘నువ్వు’ అన్నానని ఆశ్చర్యపోయారు. వదిన గారూ, ‘మీరు’ అనడం మానెయ్యమన్నది మీరే. ఈ పేనెల్ నేను అడగలేదు, మీరే నన్ను అడిగారు. పడడానికి కొద్ది రోజుల ముందు, ఆఫీసు మెట్ల మీద, నా పక్కన కూర్చుని మరీ.

మీకు అదేదీ గుర్తు లేదు. అవునా?

గుర్తు లేకపోతే ఫరవాలేదు, ఒట్టు, నాకు ఫరవాలేదు. కానీ ఆ టెస్టు ఎందుకు రాశారో కూడా మీకు గుర్తు లేదన్నమాటే కదా. గుర్తు లేకుండానే తీసెయ్యమన్నారు. మీ మాట మీద నేను తీశాను, నా మాట మీద పెద్దాయన సంతకం పెట్టాడు. వచ్చే సోమవారం అది మంచాల పక్కకి వెళ్ళిపోతుంది. ఆపమని అడిగితే, కారణం చెప్పు అంటారు. రాసినావిడే వద్దన్నాక నా దగ్గర కారణం ఎక్కడుంది? నిన్న రోజంతా ఆ అరవై లైన్లూ చూశాను, నాకు ఏమీ తోచలేదు. నా టేబుల్ మీద స్క్రీన్ ఒక్కటే ఉంది, పంపు కింది అంతస్తులో ఎక్కడో ఉంది.

తీసేసిన టెస్టుని పాత కోడ్‌లోంచి బయటికి లాగి, అరవై లైన్లూ చేత్తో రాసి దీనితో పంపుతున్నాను. పెద్ద అక్షరాలతో రాశాను, మీ కళ్ళకి ఇబ్బంది లేకుండా. గుర్తు తెచ్చుకోమని అడగడం లేదు. మొదటిసారి చూస్తున్నట్టు చూడండి.

త్వరగా. దయచేసి.

పిడుగు

*

ఊరి చివర ఇల్లు
ముందు గది, బైండింగ్ బల్ల

పిడుగూ,

గుర్తు లేదు.

ఆ రెండు మాటలు రాయడానికి నాకు పొద్దంతా పట్టింది. ఆఫీసులో పాత కుర్చీలు తీసేసి కొత్తవి వేసిన రోజు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆస్పత్రి గది పైకప్పు. మధ్యలో ఏమీ లేదు. ఎవరో పేజీలు కోసేసిన పుస్తకంలా ఉంది, ఎంత తిరగేసినా అట్ట నుంచి అట్టకి వెళ్ళిపోతున్నాను. అన్నీ గుర్తున్నాయా అని డాక్టరు అడిగితే ఉన్నాయన్నాను. మీ అన్నయ్యకీ అదే చెప్పాను. మతిమరుపు మనిషి అని ఒకసారి పేరు పడితే, మందు పంపు దగ్గరికి నన్నెవరు రానిస్తారు? ఆ పని తప్ప నాకు ఇంకేం వచ్చు?

ఇంకో మాట కూడా రాయాలి. నేను లేని సందు చూసి నా పని లాక్కున్నావనుకున్నాను. ఉత్తరాల్లో నువ్వు ‘నీ పిడుగు’ అని రాస్తుంటే నక్కవినయం అనుకున్నాను. తోక టెస్టు గురించి అడిగినప్పుడు, తెలియదు అంటే నీ ముందు చిన్నబోతానని, నోటికొచ్చిన కారణం రాసేశాను. ఒక మనిషి ప్రాణం మీదికి రాగల విషయంలో రోషానికి పోయాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నీ ఉత్తరం అందగానే ఏడ్చాను. మీ అన్నయ్య జిగురు చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. అన్నీ చెప్పేశాను. తిట్టలేదు. “దీనికా ఇన్నాళ్ళు కుమిలిపోయావు,” అని, చేతులు కడుక్కుని వచ్చి నీ అరవై లైన్లు నాకు చదివి వినిపించాడు. వింటే ఏమీ అర్థం కాలేదు. స్క్రీన్ చూస్తే కానీ నా బుర్ర నడవదు, అది చూడకూడదు. అప్పుడు ఆయన ఒక అట్టముక్క తెచ్చాడు.

దాని మీద పేనెల్ గీశాను. పైకి, కిందికి, ఖాయం, నడుపు, ఆపు. అంకెలు కాయితం ముక్కల మీద రాశాను. ఒక ముక్క స్క్రీన్ మీద కనిపించే అంకె, ఇంకోటి పంపు నిజంగా నడిచే అంకె. రెండోది నర్సుకి కనిపించదు, అందుకని అట్ట కింద పెట్టాను. నేను పేనెల్‌ని, మీ అన్నయ్య నర్సు. నువ్వు చూసి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేదానివి, తలకి తువ్వాలు కూడా చుట్టుకున్నాడు. ఆయన నొక్కితే నేను ముక్కలు మార్చాలి. రూలు ఒకటే, ‘ఖాయం’ నొక్కితేనే కింది ముక్క మీద చెయ్యి వెయ్యాలి.

ఇరవై పెట్టాడు, ఖాయం నొక్కాడు, నడిపాడు. రెండు ముక్కలూ ఇరవై. ‘ఆపు’ నొక్కి, కిందికి కిందికి నొక్కి పదికి దించాడు. పై ముక్క పది చేశాను. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారు, బైండింగ్ పుస్తకాల కోసం. వెళ్ళాడు, మాట్లాడాడు, వచ్చి కూర్చున్నాడు. అట్ట మీద పది చూశాడు. ఖాయం నొక్కానో లేదో గుర్తు లేక, నొక్కే ఉంటాననుకుని, ‘నడుపు’ నొక్కాడు.

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కింది ముక్క ముట్టుకునే హక్కు నాకు లేదు, ఆయన పదిని ఖాయం చెయ్యలేదు, ముందు ఖాయం చేసిన ఇరవైతోనే పంపు మళ్ళీ నడుస్తుంది. అట్ట ఎత్తి చూపించాను. పైన పది, కింద ఇరవై.

“అదేంటి, నేను పది చూసే కదా నడిపాను?” అన్నాడు.

అదే పిడుగూ, అదే. మందు తగ్గించమని డాక్టరు చెప్తాడు. నర్సు ఆపుతుంది, దించుతుంది, ఇంతలో పక్క మంచం వాళ్ళు పిలుస్తారు. తిరిగొచ్చి పది చూసి నడుపుతుంది. ఇరవై ఎక్కుతూనే ఉంటుంది. స్క్రీన్ మాత్రం పది అని చెబుతూ నిలబడుతుంది. ఖాయం చెయ్యని అంకె ‘నడుపు’ నొక్కగానే చెరిగిపోవాలి, నడిచే అంకే కనిపించాలి. అప్పుడే నర్సు ఇరవై చూసి ఉలిక్కిపడి సరిచేస్తుంది. అందుకే ఆ ఇరవై. దీన్ని ఎలా కనిపెట్టానో, ఎవరిని చూసి రాశానో నాకు తెలియదు. రాసింది మాత్రం నేనే. అరవై లైన్ల అడుగున పడేసి, ‘ఇది కూడా’ అని పేరు పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది కూడా నేనే.

బీరువా తాళం తీశాడు మీ అన్నయ్య. ఈ ఉత్తరం నీకు చేరేలోపే ఫోన్ వచ్చి ఉంటుంది. పెద్దాయనకి వేరే ఉత్తరం రాశాను, ఏదీ దాచకుండా.

వదిన

*

ఆఫీసు, కింది అంతస్తు
పంపుల గది

వదినా,

అన్నయ్య ఫోన్ వచ్చినప్పుడు నేను మీటింగులో ఉన్నాను. ఇల్లు అంటుకుంటే తప్ప తీయని ఫోన్ నుంచి కాల్ వస్తుంటే మీటింగు మధ్యలోనే బయటికొచ్చేశాను. నీకేమైందో అనుకున్నాను. ఆయన “ఆపు, నడుపు, పది, ఇరవై” అని నాన్‌స్టాప్‌గా చెబుతుంటే, నీకేమీ కాలేదు కదా అని మూడుసార్లు అడిగాకే మిగతాది విన్నాను.

కిందికి పరిగెత్తాను. గళ్ళచొక్కానీ లాక్కెళ్ళాను. అసలు పంపుకి కొత్త పేనెల్ తగిలించి, బకెట్లోకి గొట్టం వదిలి, అన్నయ్య చెప్పినట్టే చేశాం. స్క్రీన్ మీద పది. గొట్టం చివర చుక్కలు మాత్రం ముందు ఎంత జోరుగా పడ్డాయో అంతే జోరుగా పడుతున్నాయి. గళ్ళచొక్కా ఆ చుక్కల్నే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి, “మా అమ్మ పోయినేడాది ఇలాంటి పంపు మీదే ఉంది,” అన్నాడు. పేనెల్ సరిచేసేదాకా కుర్చీలోంచి లేవలేదు.

పెద్దాయన ముందు మండిపడ్డాడు. “ఆవిడే తీసెయ్యమంది, నువ్వే చూపించావు, నేను సంతకం పెట్టాను, ఇప్పుడు ఆపమంటే పైవాళ్ళకి ఏం చెప్పను?” అని అరిచాడు. నేనూ అరిచాను, దాచను. తర్వాత బకెట్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. విడుదల ఆపేశాడు. మర్నాడు నీ ఉత్తరం అందింది. తలుపేసుకుని చదివాడు. బయటికొచ్చి, “ఆవిడకి కుర్చీ ఎప్పుడూ ఉంటుంది. పంపు పని మాత్రం డాక్టరు రాసిస్తేనే, మిగతావాళ్ళు పక్కనుంటేనే,” అన్నాడు. నీకు నచ్చదని తెలుసు. నేను వాదించలేదు, వదినా, ఎందుకంటే నాకూ అదే సబబు అనిపించింది. తిట్టాలనుంటే తిట్టు.

తోక టెస్టు మళ్ళీ పెట్టాను. ఇప్పుడిలా ఉంది:

ఖాయం చేయని అంకె మళ్ళీ నడిపాక కనిపించకూడదు, నర్సు నమ్మేస్తుంది.
కొత్త పేనెల్, ఇరవైలో నడుస్తోంది. ఆపు. పదికి దించు. నడుపు. స్క్రీన్ మీద ఇరవై ఉండాలి.

పాత పేనెల్ మీద నిలబడింది. గళ్ళచొక్కా మొదటి పేనెల్ మీద కూలింది, అదీ పేరు చెప్పి మరీ కూలింది. సరిచేసిన దాని మీద నిలబడింది. రాసిన మనిషి మరిచిపోయినా ఇక దానికి ఫరవాలేదు.

ఇప్పుడు నీకో టెస్టు. ఈసారి చెప్పే పెడుతున్నాను. మూడు ప్రశ్నలున్నాయి. జరిగింది ఉండచ్చు, జరగనిది ఉండచ్చు.

ఒకటి: పెళ్ళయిన కొత్తలో నీ ఎర్ర గొడుగు పోయింది. ఎవరు తీశారు?

రెండు: పోయినేడాది నా పుట్టినరోజుకి నువ్వొక ఏనుగు బొమ్మ కొనిచ్చావు. ఏ రంగుది?

మూడు: ఆ సాయంత్రం మెట్ల మీద, ఇంతమంది ఉండగా ఈ పేనెల్‌కి నన్నే ఎందుకు అడుగుతున్నావో చెప్పావు. ఏం చెప్పావు?

జవాబులు చిన్నవిగా ఉండాలి.

నీ పిడుగు

*

ఊరి చివర ఇల్లు
వరండా

పిడుగూ,

తిట్టను. పెద్దాయన అన్నది సరైనదే. నిన్న డాక్టరుకి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొంత రావచ్చు, కొంత ఎప్పటికీ రాకపోవచ్చు అన్నాడు. విని ఇంటికొచ్చి బాగా ఏడ్చి, రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

నీ జవాబులు.

ఒకటి: నువ్వే. అప్పుడే తెలుసు, మీ అన్నయ్యకి ఇప్పటికీ చెప్పలేదు.

రెండు: ఏ ఏనుగూ లేదు. నాలుగేళ్ళలో నీ పుట్టినరోజుకి నేనేదీ కొనలేదు.

మూడు: గుర్తు లేదు. నువ్వే చెప్పు. నేను ఏ మెట్టు మీద కూర్చున్నానో అక్కడి నుంచి మొదలుపెట్టు.

నీ వదిన